పది సెంట్ల మొహం

మా చిత్తూరు జిల్లాలో సెంటు అంటే భూమి. నూరు సెంట్లు ఒక ఎకరా. పది సెంట్లుంటే చిన్న ఇల్లు, వెనక పశువుల కొట్టం, పక్కన ఒక మునగచెట్టు పడతాయి. ఆ పది సెంట్ల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. అమెరికావాడికి సెంటు అంటే డాలరులో నూరో వంతు. 2020 జూన్ 1 నుంచి షట్టర్‌స్టాక్ అనే ఫోటోల కంపెనీ ఫోటోగ్రాఫర్లకిచ్చే వాటాను కొత్తగా లెక్కగట్టింది. ఫోటో ఒకసారి అమ్ముడైతే తీసినవాడికి దక్కే కనీస మొత్తం పది సెంట్లు. అప్పటి మన లెక్కలో ఏడున్నర రూపాయలు. ఏడాదంతా ఎన్ని అమ్ముకుని ఎన్ని మెట్లెక్కినా సరే, జనవరి 1 రాగానే మళ్ళీ కిందిమెట్టు నుంచి మొదలుపెట్టాలి. ప్రపంచమంతా కరోనాకు తలుపులు మూసుకుని కూర్చున్న నెలల్లో ఈ మాట వచ్చింది.

ఈ లెక్క విని మా మామ అడిగింది ఒకటే. "పది సెంట్లా? పట్టా ఎవురి పేరు మీద ఇస్తారంట అల్లుడా?"

మామ పేరు రాయొద్దన్నాడు. రాయను. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు పూతలపట్టు దగ్గర చీలుతుంది. ఒకటి పీలేరు, రాయచోటి మీదుగా కడపకు. ఇంకొకటి తిరుపతికి. ఒక దారినపోతే పెద్ద దర్గా. ఇంకో దారినపోతే పెద్ద దేవుడు. మధ్యలో మామ స్టూడియో. 1980ల మొదట్లో పెట్టాడు. రెండు కళ్ళ యాషికా కెమెరా, ఊటీ ఫ్యాక్టరీలో తయారయ్యే 'ఇందు' ఫిల్ము, ఎర్రబల్బు వేసిన చీకటిగది, హైపో వాసన. నెగటివ్‌ను అద్దం మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, అమ్మవారి మచ్చలు మాయం చేసేవాడు. మనిషిని మాత్రం మాయం చేసేవాడు కాదు. ఎందుకంటే ఆయన బతుకంతా పాస్‌పోర్టు సైజు మీద నడిచింది.

రాయచోటి చుట్టుపక్కల నుంచి కువైట్‌కు పోయేవాళ్ళ సంగతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ దారినే వచ్చి పోయేవాళ్ళలో చాలామంది మామ ముందు స్టూలు మీద కూర్చున్నారు. తస్వీర్ హరామ్ అని మొదట్లో ఎదురుపడ్డప్పుడల్లా సతాయించిన హజ్రత్ కూడా హజ్‌కు పోవాల్సొచ్చినప్పుడు ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఫోటోలో మొహం ఒక్క మనిషిదే కావాలి. ఆ మనిషిదే కావాలి. తర్వాత శేషన్ కాలంలో, 1993లో, ఓటరు గుర్తింపు కార్డుకూ మొహం కావాల్సొచ్చింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక మనవాళ్ళు తాతల కాలం కాగితాలన్నీ సంచుల్లో తెచ్చి లామినేషన్ చేయించుకున్నారు. పాత ఫోటోలు కూడా. ఫోటో ఏం రుజువు చేస్తుందో వాళ్ళకూ తెలీదు, మామకూ తెలీదు. అయినా చేయించుకున్నారు. మేం ఫలానా అని చెప్పుకోడానికి ఫోటో ఒక సాక్షి. ఇది మామకు తెలిసిన ఫోటో.

స్టాక్ ఫోటో దీనికి సరిగ్గా తలకిందులు. అందులో మొహం ఎవరిదీ కాకూడదు. స్టాక్ అంటే గోడౌనులో సరుకు. ఎవడో ఎక్కడో ముందే తీసిపెడతాడు. 'రైతు', 'తల్లి', 'పేదరికం', 'ముస్లిం' అని చీటీ అంటిస్తాడు. పత్రికవాడికో, ప్రకటనల కంపెనీకో, పాఠ్యపుస్తకం వేసేవాడికో ఒక రైతు కావాలి. ఆ రైతు పేరేంటో వాడికి అక్కర్లేదు. చీటీ చాలు.

ఈ వ్యాపారానికి అమెరికా చరిత్రకారులు 1920 తేదీ వేస్తారు. ఫిలడెల్ఫియాలో ఆర్మ్‌స్ట్రాంగ్ రాబర్ట్స్ పెట్టిన ఏజెన్సీతో మొదలంటారు. నాకైతే ఆ తేదీ ఒప్పదు. డబ్బు లెక్కలో అయితే కావచ్చు. చీటీ అంటించే పని అంతకంటే చాలా ముందే మొదలైంది. మన దేశంలోనే మొదలైంది. మన మొహాల మీదే మొదలైంది.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాడికి ఈ దేశంలో ఎవడేంటో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ కే సంపాదకులుగా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు 1868 నుంచి 1875 దాకా వేశారు. 468 ఫోటోలు. ఒక్కో ఫోటో కింద కులం, మతం, ప్రాంతం. దాంతోపాటు ఆ జాతి గుణగణాలు. వీళ్ళు నమ్మదగినవాళ్ళు, వీళ్ళు దొంగలు, వీళ్ళు మొండివాళ్ళు. ఒక ఉత్తరాది సయ్యద్ ఫోటో కింద రాసింది చదివితే ఒళ్ళు మండుతుంది. మొండితనం, అజ్ఞానం, మతపిచ్చి అన్నీ అతని ముక్కూ మొహంలోనే కనబడుతున్నాయట! పాపం, అతను చేసిందల్లా కెమెరా ముందు కూర్చోవడం.

1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకులిద్దర్నీ తీసుకుని లండన్ పోయాడు. అక్కడ ఇండియా ఆఫీసులో ఈ పుస్తకం చూశాడు. మనవాళ్ళను జంతువుల్లాగా నిలబెట్టారని కుమిలిపోయాడు. రేపు అధికారులై హిందూస్తాన్‌కు వచ్చే ఇంగ్లీషు కుర్రాళ్ళు దీన్ని చదువుకుని వస్తే మనకేం గౌరవమిస్తారని బాధపడుతూ ఇంటికి ఉత్తరం రాశాడు. ఆ పుస్తకం తిరగేస్తుంటే కొడుకు మహమూద్‌ను ఒక ఇంగ్లీషు యువకుడు అడిగాడట, మీరు హిందూస్తానీయా అని. అవునన్నాడు. అన్నవాడు సిగ్గుతో ఎర్రబడి, మేం ఇక్కడి ఆదివాసులం కాదు, మా పెద్దలు వేరే దేశంనుంచి వచ్చారని సర్దుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మహమూద్ బాధ నాకు అర్థమవుతుంది. అతని జవాబు మాత్రం గొంతులో అడ్డం పడుతుంది. మేం దూదేకులవాళ్ళం. మాకు వేరే దేశం లేదు. ఇంట్లో తెలుగే. నాగూరమ్మ, మస్తానమ్మ, హుసేనప్ప అని పేర్లు పెట్టుకున్నాం. హైదర్ అలీ 1782లో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో ప్రాణం విడిచినప్పుడు మావాళ్ళు ఈ చుట్టుపక్కలే ఎక్కడో దూది ఏకుతూ ఉండుంటారు. అవమానం జరిగితే 'ఆ బొమ్మ నాది కాదు, పక్కవాడిది' అనేవాడికి పక్కవాడు ఎవడు? మేమే కదా! తుర్కోళ్ళకు మేం సగం హిందువులం, హిందువులకు మేం సగం తుర్కోళ్ళం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్ కూడా మమ్మల్ని వదల్లేదు. కొలబద్దలు పట్టుకుని జనం తలకాయలు, ముక్కులు కొలిచినాయన. 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు, ఫోటోలతో సహా. అందులో దూదేకుల అనే అర కూడా ఉంది. మతం ముస్లిం, ఆచారాల్లో చాలా హిందూ అని చీటీ.

గోడౌను అప్పుడే కట్టారు. అమ్మకం తర్వాత మొదలైంది.

అమ్మకం మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన కథ నాకు ఇష్టం. ఆటో బెట్మన్. బెర్లిన్‌లో ప్రభుత్వ కళా గ్రంథాలయంలో అరుదైన పుస్తకాలు చూసే ఉద్యోగి. యూదు. 1933లో నాజీలొచ్చి ఉద్యోగం పీకేశారు. 1935లో రెండు పెట్టెలనిండా బొమ్మలు, ఫిల్ములు పెట్టుకుని న్యూయార్క్‌లో దిగాడు. మర్నాటి ఏడాది బెట్మన్ ఆర్కైవ్ పెట్టాడు. దేశం పొమ్మంటే ఒక మైనారిటీ మనిషి భుజానేసుకుని పోయిన మూట అది. చివరికి కోటి పైచిలుకు బొమ్మలైంది. దాన్ని 1995లో బిల్ గేట్స్ కంపెనీ కార్బిస్ కొనేసింది. కొని, పెన్సిల్వేనియాలో రెండువందల అడుగుల లోతున ఒక పాత సున్నపురాయి గనిలో చల్లగా దాచింది. పాడైపోకుండా ఉండటానికే. మంచిదే. కానీ తన పెట్టెలు మోసుకుని ఒడ్డెక్కినవాడి సరుకు భూమి కిందికి పోవడం, దాని తాళం చేతులు మారడం చూస్తే మనసు ఎట్లనో ఉంటుంది. 2016లో ఆ బొమ్మల హక్కులు చైనా కంపెనీ విజువల్ చైనా గ్రూపుకు పోయాయి. చైనా బయట అమ్మిపెట్టే పని గెట్టీకి వచ్చింది.

ఈ గెట్టీ 1995లో లండన్‌లో మొదలైంది. పెట్టిన ఇద్దరిలో మార్క్ గెట్టీ అనే ఆయన చమురు కుబేరుడు పాల్ గెట్టీ మనవడు. తాత సంపద ఎక్కడ పొంగిందో తెలుసా? సౌదీ, కువైట్ల మధ్య తటస్థ ప్రాంతంలో. 1949లో అక్కడ తవ్వే హక్కు కొన్నాడు. మామ ఎవరికైతే పాస్‌పోర్టు ఫోటోలు తీశాడో వాళ్ళు కూలికి పోయింది ఆ ఇసుక వైపే. అందులో కుట్రేం లేదు. లోకం అంత చిన్నది, అంతే.

మొదట్లో ఫోటోగ్రాఫర్లకు ఈ వ్యాపారం బాగానే ఉండేది. ఏ పత్రికలో, ఏ దేశంలో, ఎంత సైజులో, ఎన్నాళ్ళు వాడతారో అడిగి, దాన్నిబట్టి ధర కట్టేవాళ్ళు. ఒక మంచి ఫోటోకు వందల డాలర్లు. సుమారు సగం తీసినవాడికి. తర్వాత 2000లో కెనడాలోని కాల్గరీలో బ్రూస్ లివింగ్‌స్టన్ ఐస్టాక్‌ఫోటో పెట్టాడు. నీ ఫోటో నేను వాడుకుంటా, నాది నువ్వు వాడుకో అనే ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. ఆశయం మంచిదే. అది పావు డాలరు బేరమైంది. 2006లో గెట్టీ దాన్ని 5 కోట్ల డాలర్లకు కొనేసింది. వాడకాన్నిబట్టి ధరకట్టే పాత పద్ధతికి 2019 చివర్లో గెట్టీయే స్వస్తి చెప్పింది. దానికి రెండేళ్ళయినా కాకుండానే, 2021లో, ఊరికే పంచిపెట్టే అన్‌స్ప్లాష్‌ను కూడా కొనేసింది. అమ్మేదీ వాళ్ళదే, ఉచితంగా ఇచ్చేదీ వాళ్ళదే. 2025 జనవరిలో గెట్టీ, షట్టర్‌స్టాక్ రెండూ కలిసిపోతామని ప్రకటించాయి.

మా వైపు రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తోతాపురి మామిడి రైతు లారీలో కాయ వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ ముందు రాత్రంతా పడిగాపులు పడతాడు. ధర ఫ్యాక్టరీవాడు చెప్పాలి. 2025లో కిలోకు పన్నెండు రూపాయలని, ఎనిమిది ఫ్యాక్టరీ ఇవ్వాలని, నాలుగు ప్రభుత్వం ఇస్తుందని సర్కారు తేల్చాల్సొచ్చింది. తేల్చినా బంగారుపాళ్యంలో రైతుల గోడు ఆగలేదు. కాయ చెట్టునుంచి దిగాక రైతుది కాదు. ఫోటో కంప్యూటర్లోకెక్కాక మామది కాదు. మామిడికి కనీసం కలెక్టరాఫీసు ముందు కూర్చోవచ్చు. మామ ఎక్కడ కూర్చోవాలి? కాల్గరీలోనా?

సెల్‌ఫోన్లొచ్చి స్టూడియో బేరం పడిపోయాక, మేనకోడలు నేర్పిస్తే, మామ డిజిటల్ కెమెరాతో ఈ గోడౌనుకు సరుకు పంపడం మొదలుపెట్టాడు. కంపెనీ పేరు వద్దు. మొదటి రెండేళ్ళు ఉత్సాహంగానే సాగింది. మామిడితోట, బెల్లం వండే గానుగ, కాణిపాకం రోడ్డు మీద వాన. ఎవరో ఏ దేశంలోనో తన వాన కొన్నారని అందరికీ చెప్పుకున్నాడు. మనుషుల్ని తీస్తే మాత్రం వాళ్ళ ఒప్పందం కాగితం కావాలి. ఇంగ్లీషులో. గొర్రెలు కాసే తాతను దానిమీద వేలిముద్ర అడిగితే, "నా బూమి రాయించుకుంటావా సాయిబూ?" అన్నాడట. నవ్వుకున్నాం గానీ ఆ తాత అడిగింది సరైన ప్రశ్న. ఆ కాగితం రాయించుకునేది అదే మరి.

తర్వాత ఉగాది ఫోటో. కడపలో దేవుని కడప ఉంది. లక్ష్మీ వెంకటేశ్వరస్వామి గుడి. ఉగాదినాడు ముస్లింలు టెంకాయలతో గుడికి పోతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, ఆయన మా అల్లుడు అని. రాయలసీమలో ఇది వింత కాదు, పండగ. మామ ఒక ఫోటో తీశాడు. నల్ల బురఖా, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో టెంకాయ, వెనక గుడి గోపురం. పంపేటప్పుడు చీటీలు రాయాలి కదా. 'ముస్లిం' అని రాశాడు, 'హిందూ' అని రాశాడు, 'గుడి' అని, 'ఉగాది' అని రాశాడు. తిరిగొచ్చింది. చీటీలకూ బొమ్మకూ పొంతన లేదట. రెండోసారి 'ముస్లిం స్త్రీ, బురఖా' అని మాత్రం రాసి పంపితే తీసుకున్నారు. థర్స్టన్ దొర కాస్త నయమనిపించింది నాకు. ఆయన కనీసం రెండు మాటలూ రాశాడు.

గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లకు లక్షలమంది హిందువులు మొక్కుకుంటారు. ఆ ఫోటోకు ఏ చీటీ? చక్కెర చదివింపులకొచ్చిన రెడ్డిగారి అవ్వకు ఏ చీటీ? కొనేవాడు వెతికే మాటలే చీటీలవుతాయి. కొనేవాడు ఎక్కడో కూర్చుని ముస్లిం అనగానే బురఖా, టోపీ, గడ్డం, నమాజు వరస, మినారు వెతుకుతాడు. వెతికేదే అమ్ముడవుతుంది. అమ్ముడయ్యేదే మళ్ళీ తీస్తారు. లుంగీ కట్టుకుని తోతాపురి బేరమాడే సాయిబు ఎవరికీ కావాలనిపించడు, కాబట్టి లేడు. మతోన్మాది చేసే పనినే ఇక్కడ బజారు ఏ కోపమూ లేకుండా చేసేస్తుంది. అందుకే దానిమీద పోట్లాడటం ఇంకా కష్టం.

రంజాన్ పండగ నమాజయ్యాక ఇద్దరు ముసలాళ్ళు కౌగిలించుకున్న ఫోటో ఒకటి మామ తీశాడు. ఒకాయన కళ్ళల్లో నీళ్ళు. ఆ ఏడాదే ఆయన భార్య పోయింది. కొన్నాళ్ళకు అది ఒక వార్తల సంస్థ పేజీలో కనబడింది. కింద వ్యాసం, ముస్లిం జనాభా పెరిగిపోతోందని! మామ కంపెనీకి రాశాడు. వాడకం నిబంధనలకు లోబడే ఉందని జవాబు. ఆ ఫోటో మీద ఆయనకు వచ్చింది ఇరవై రూపాయలు కూడా కాదు. డబ్బు సంగతి పక్కనపెట్టండి. ఆ ముసలాయన రోజూ మామ షాపు ముందునుంచే టీకి పోతాడు.

ఇది చిన్న సంగతే. పెద్దది దేశమంతా చూసింది. 2002 మార్చి 1న అహ్మదాబాదులో కుతుబుద్దీన్ అన్సారీ అనే దర్జీ, మంటల మధ్య, చేతులు జోడించి ప్రాణం కోసం వేడుకుంటుంటే రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ అర్కో దత్తా ఫోటో తీశాడు. అది తీయాల్సిన ఫోటో. అందులో తప్పు పట్టను. అది లేకపోతే గుజరాత్‌ను ఇంకా సులువుగా మర్చిపోయేవాళ్ళు. కానీ ఆ తర్వాత? ఆ మొహం గోడౌనులోకి చేరింది. అల్లర్లు అనగానే ఆ మొహం. ఎన్నికలు రాగానే ఆ మొహం. ఆయన్ను అడగకుండానే పార్టీలు ప్రకటనల్లో వాడుకుంటే, నన్ను వదిలేయండని ఆయన చెప్పుకోవాల్సొచ్చింది. ఆయన బట్టలు కుట్టుకుని బతికే మనిషి, భార్యాబిడ్డలున్నవాడు, నవ్వుతాడు కూడా. మనకు తెలిసింది మాత్రం ఆ ఒక్క క్షణం చేతులు జోడించిన మనిషే. మన జాలి కూడా ఆయన్ను స్టాక్ చేసింది. సెక్యులర్ మిత్రులు ఈ మాటకు నొచ్చుకోకూడదు. మనవైపు పత్రికలు కూడా ఆ గోడౌనునుంచే బొమ్మలు తెచ్చుకుంటాయి.

ఇప్పుడు మొహం కోసం మనిషి కూడా అక్కర్లేని కాలం. కోట్ల ఫోటోలు, వాటి చీటీలు మింగించి, మాట చెబితే బొమ్మ గీసే యంత్రాలు 2022 నుంచి బజార్లోకొచ్చాయి. తన ఫోటోలు కోటీ ఇరవై లక్షలు దొంగిలించారని గెట్టీ 2023లో స్టెబిలిటీ ఏఐ మీద అమెరికాలోనూ, లండన్‌లోనూ దావాలు వేసింది. లండన్ హైకోర్టు 2025 నవంబరు 4న తీర్పిచ్చింది. చాలామటుకు గెట్టీ ఓడిపోయింది. యంత్రం గీసిన కొన్ని బొమ్మల్లో గెట్టీ ముద్ర యథాతథంగా రావడం వరకు స్వల్పంగా గెలిచింది. షట్టర్‌స్టాక్ కోర్టుకు పోలేదు. 2023లో ఓపెన్‌ఏఐతో ఆరేళ్ళ ఒప్పందం చేసుకుంది. దావా వేసినవాడూ మా ఫోటోలు అంటున్నాడు, ఒప్పందం చేసుకున్నవాడూ మా ఫోటోలు అంటున్నాడు. తీసినవాడు, తీయించుకున్నవాడు ఏ కాగితంలోనూ కనబడరు. మామ సరుకు పంపిన కంపెనీలో ఇకమీదట యంత్రానికి నా ఫోటోలు ఇవ్వొద్దు అనే మీట ఒకటి పెట్టారు. నొక్కాడు. ఇప్పటికే నేర్చుకున్నది మర్చిపో అనే మీట లేదు.

అలాంటి యంత్రాన్ని మేమిద్దరం ఒక సాయంత్రం అడిగిచూశాం. తిరుపతి దగ్గర మామిడితోటలో ముస్లిం రైతు బొమ్మ కావాలని. వచ్చింది. తెల్లటి పొడుగు జుబ్బా, పచ్చటి తలపాగా, సుర్మా కళ్ళు, చేతిలో తస్బీ. తోట వెనక రెండు మినార్లు. మామ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "చెట్టు మాత్రం తోతాపురే అల్లుడా," అన్నాడు.

ఖాతా మూసేశాడు. ఇప్పుడు వేరే పని పెట్టుకున్నాడు. మన 1957 కాపీరైటు చట్టంలో 17వ సెక్షను ఉంది. డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఆ ఫోటో మీద హక్కు తీయించుకున్నవాడిది. తీసినవాడిది కాదు. ఇది చదివి వినిపిస్తే మామ ముందు కాస్త గింజుకున్నాడు. తర్వాత అటకమీదినుంచి రేకుపెట్టెలు దించాడు. నెగటివ్‌లు. ఒక్కో కవరు మీద నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ. కొన్నిటిమీద 'కువైట్', కొన్నిటిమీద 'రేషన్', కొన్నిటిమీద 'పెండ్లి చూపులు'. కొన్ని చెమ్మకు అతుక్కుపోయాయి. కొన్ని పులిసిన వాసనొస్తున్నాయి. బాగున్నవి స్కాను చేసి, కవరుమీది ఊరికి కబురుపెడుతున్నాడు. పీలేరు బస్సులో, పాకాల ఆటోలో, ఇరాల పాలవ్యానులో. మొన్న తవణంపల్లె నుంచి ఒకామె వచ్చింది. వాళ్ళ నాయన ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదట. రిజిస్టరు తిప్పితే నంబరు దొరికింది. 1988, పాస్‌పోర్టు, మూడు కాపీలు. ఆమె నెగటివ్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, ఇంత నల్లగా ఉన్నాడేంది అంది. అది నెగటివమ్మా, కూర్చో, కడిగిస్తా అన్నాడు మామ.